కల రాని కాపరి

మా సంఘంలో కలంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఆదివారం పొద్దున్నే, డప్పు మోగకముందే, తెల్లబట్టలు కట్టుకుని, చెప్పులు విడిచి గుడి ముందు ఇసుకలో కూర్చుంటాం. ఆ వారంలో వచ్చిన కలల్ని ఒక్కొక్కరే లేచి చెబుతారు. ఒకడికి దేవదూత కనబడతాడు. ఇంకొకడికి పొరుగింటి మేక కనబడుతుంది. మేక కలల్ని మా ఆయన ఓపిగ్గా విని, "ఆకలితో పడుకున్నావురా, కూర్చో" అనేవాడు. మా ఆయన యోతాము ఆ సంఘానికి కాపరి. పెద్ద విషయాల్లో ఆయన కలే చెల్లుబాటు.

పెద్ద విషయమంటే మా ఒడ్డున ఒకటే. సరస్సు మీదికి వెళ్ళినవాడు తిరిగి రాకపోవడం. అప్పుడు కాపరి ఉపవాసం ఉండి, గుడిలో చాప వేసుకుని పడుకోవాలి. పోయినవాడు పొడిబట్టలతో కలలో కనబడితే బతికున్నట్టు. తడిబట్టలతో కనబడితే ఏడుపు మొదలుపెట్టాలి. కాపరి ఏదో ఒకటి చెప్పేదాకా రేవులో ఒక్క దోనె కదలడానికి వీల్లేదు. మనిషి నీళ్ళలో ఉండగా వల వేస్తారా అని మా పెద్దలు పెట్టిన కట్టడి అది.

ఈసారి తిరిగి రానివాడు మా లుసుంగు. నా కొడుకు.

వాడు వెళ్ళిన పొద్దున సరస్సు పాలగిన్నెలా కదలకుండా ఉంది. దూరాన సరస్సు నీళ్ళలో పుట్టే సన్న ఈగల గుంపులు పొగలా లేచి, ఆకాశంలో మెల్లగా ఒంగుతున్నాయి. ఆ పొగలోకే వాడి దోనె వెళ్ళిపోయింది. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. తెడ్డు వేస్తున్నది వాడో, వాడి నీడో పోల్చుకోలేకపోయాను. మధ్యాహ్నం దాటాక దక్షిణం నుంచి మ్వేరా అనే తుఫాను గాలి తిరిగింది. మిగతా దోనెలన్నీ పడుతూ లేస్తూ వచ్చేశాయి. ఒడ్డు వెంట రాళ్ళ మొన దాకా వెతికారు. వాడి తెడ్డు కూడా దొరకలేదు.

యోతాము గుడిలో పడుకున్నాడు. తెల్లవారేసరికి ఊరంతా బయట కాచుకుని ఉంది. నేను ముందు వరసలో ఉన్నాను. ఆయన కళ్ళు నులుముకుంటూ వచ్చి గడపలో నిలబడ్డాడు.

సంఘపెద్ద చియుమియా అడిగాడు. "ఏం కనబడింది, అయ్యగారూ?"

"ఏమీ కనబడలేదు."

మర్నాడూ అదే మాట. ఆ తర్వాతా అదే. వారం గడిచింది, ఇంకో వారం గడుస్తోంది. దోనెలు ఇసుకలో ఎండి బీటలు తీస్తున్నాయి. చేపలు ఎండబెట్టే తడికల మీద కాకులు కూడా వాలడం మానేశాయి. నాకా రోజులు రోజుల్లా లేవు. నీళ్ళ మీద ఎండ తళుక్కుమంటే తెడ్డు అనుకునేదాన్ని. ఎవరైనా దగ్గితే వాకిట్లోకి పరిగెత్తేదాన్ని.

ఒక సాయంత్రం చియుమియా మా ఇంటికి వచ్చి పీట మీద బరువుగా కూలబడ్డాడు.

"అమ్మా, నీ బాధ నాకు తెలియదనుకోకు. కానీ పిల్లలు వట్టి గంజి తాగి పడుకుంటున్నారు. పొడో తడో, ఏదో ఒకటి అనమను. ఏది అన్నా మా దోనెలు కదులుతాయి."

"ఏదో ఒకటేమిటయ్యా? నా కొడుకు నీకు బొమ్మా బొరుసా?" అన్నాను. ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళాక నాకూ అదే ఆలోచన పట్టుకుంది. ఏదో ఒకటి ఎందుకు? పొడి అనమంటాను.

తిన్నగా గుడికి వెళ్ళాను. యోతాము చాప మీద కూర్చుని ఉన్నాడు, మనిషి సగమయ్యాడు.

"ఊళ్ళో అందరి బిడ్డల గురించీ కలలు కన్నావు. నా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి మొద్దునిద్ర పట్టిందా నీకు?"

"దేవుడు చూపించలేదే. నేనేం చెయ్యను?"

"ఆయన చూపించకపోతే నువ్వే చూడు. పొడిబట్టలతో ఉన్నాడని చెప్పు. ఒక్క మాట. నాకోసం."

"వాడు నాకూ కొడుకే."

"అయితే చెప్పడానికి ఏం రోగం?"

కిటికీలోంచి వచ్చే వెలుగులో ఆయన తెల్లచొక్కా మంచులా కనబడింది, మనిషే లేనట్టు. నెమ్మదిగా అన్నాడు. "నాకు కావలసింది దేవుడు చెప్పాడని ఒక్కసారి అన్నాననుకో. రేపు నా నోట్లోంచి వచ్చేదాంట్లో ఏది ఆయనదో, ఏది నాదో నాకే తెలియదు. అప్పుడు నేను మీకు దేనికి పనికొస్తాను?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కాపరితనం తగలెయ్యా!" అని చేతిలో ఉన్న నీళ్ళచెంబు అక్కడే విసిరేసి వచ్చేశాను.

ఆ ఆదివారం ఆయన గుడి ముందుకు వచ్చి, ఎవరూ అడగకముందే మొదలుపెట్టాడు.

"నాకు కల రాలేదు. వస్తుందో రాదో తెలియదు. ఇన్నాళ్ళూ మీ దోనెల్ని నా నిద్రకు కట్టేసి ఉంచాను, అది దేవుడు చెప్పిన పని కాదు. వెళ్ళండి, చేపలు పట్టుకోండి. మీ పిల్లలకు అన్నం పెట్టుకోండి."

గగ్గోలు లేచింది. తాతల నాటి కట్టడి కాపరే తెంచేస్తాడా అని ముసలివాళ్ళు నెత్తి కొట్టుకున్నారు. చియుమియా ముందుకొచ్చాడు. "కలా రాక, కట్టడీ వద్దంటే, ఇక మాకు నువ్వెందుకయ్యా?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను," అన్నాడు యోతాము. కాపరిగా తను పట్టుకునే చేతికర్ర ఇసుకలో పెట్టి ఇంటికి నడిచాడు.

కర్ర చియుమియా పట్టుకుపోయాడు. మధ్యాహ్నానికల్లా దోనెలన్నీ నీళ్ళలో ఉన్నాయి, తిట్టినవాళ్ళవి అందరికన్నా ముందు. అప్పట్నుంచి మా ఆయన వాకిట్లో కూర్చుని ఊరివాళ్ళ వలలు బాగుచేసేవాడు. దారినపోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏం యోతామయ్యా, రాత్రి బాగా నిద్రపట్టిందా?" అనేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నేను ఊరుకునేదాన్ని కాదు. మొగుణ్ణి నేను తిట్టొచ్చు, వాళ్ళెవరు?

నాకు మాత్రం ప్రాణం ఆగలేదు. చంకలో కోడిని పెట్టుకుని పక్క అఖాతం ఒడ్డున ఉండే ప్రవక్త్రి నేసి అమ్మ దగ్గరికి వెళ్ళాను. చల్లని మనిషి, మాట తేనె. నేనింకా కూర్చోనైనా లేదు, కళ్ళు మూసుకుంది.

"పొడిబట్టలతో ఉన్నాడమ్మా నీ బిడ్డ. అవతలి ఒడ్డున, మొజాంబిక్‌లో. ఎవరో ఉడికించిన కర్రపెండలం పెడుతున్నారు, తింటున్నాడు."

ఈ మాట కోసమే కదా నేను ఇన్నాళ్ళూ కొట్టుమిట్టాడింది? ఎగిరి గంతెయ్యాలి. కాళ్ళు మాత్రం ఇసుకలో ఈడ్చుకుంటూ నడిచాను. ఆ మాట నాలో ఎక్కడా నిలవలేదు. అబద్ధమాడని మనిషితో ఇన్నేళ్ళు కాపురం చేసి పాడైపోయానని ఆయన మీదే కోపం వచ్చింది.

ఇంటికి వెళ్ళేసరికి యోతాము వల పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "నేసి అమ్మ ఏమంది?"

"బతికే ఉన్నాడంది."

"నిజంగానా?" అన్నాడు. చిన్నపిల్లాడిలా ముఖం వెలిగిపోయింది. ఆయనకు అంత ఆశ ఉందని నాకు అప్పుడే తెలిసింది. గుడిలో పడుకున్న ప్రతి పొద్దునా ఆ ఆశను నోట్లోనే నొక్కి పెట్టుకుని బయటికి వచ్చాడన్నమాట.

"నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగాను.

"నమ్మాలనుంది," అన్నాడు. ఇద్దరం గడపలో కూర్చుని సరస్సు వైపు చూశాం. ఆ తర్వాత నేనాయన్ని కల గురించి అడగలేదు.

వానలు వచ్చి వెళ్ళాయి. నీళ్ళు, ఆకాశం కలిసిపోయి, అవతలి ఒడ్డు అనేది ఉందో లేదో తెలియని పొద్దులు వచ్చాయి. అలాంటి ఒక పొద్దున నేను పొయ్యి మీద కర్రపెండలం పిండి కలుపుతున్నాను. యోతాము లోపలి నుంచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"వచ్చింది," అన్నాడు.

తెడ్డుగరిటె నా చేతిలో ఆగిపోయింది. అడగకుండా ఉంటే బాగుండుననిపించింది. అయినా అడిగాను. "ఏ బట్టలు?"

"తడివి."

"నీళ్ళు కారుతున్నాయా?"

"కారుతున్నాయి, జుట్టులోంచి కూడా. చలేమీ లేనట్టున్నాడు. నవ్వుతున్నాడు."

"నిజంగా నవ్వాడా?"

"పళ్ళన్నీ కనబడేలా."

"ఒక్కడే ఉన్నాడా?"

"లేదు. ఎవరో వాడి చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు, గట్టెక్కే వైపు."

"ఎవరు? ప్రభువేనా? ప్రభువే కదూ?" ఆయన భుజం పట్టుకుని ఊపేశాను. అవునను, అవునను అని నా ప్రాణం కొట్టుకుంది.

ఆయన కళ్ళ నీళ్ళు గడ్డం మీదికి జారుతున్నాయి. "ముఖం చూడలేదే. చెయ్యి ఒక్కటే చూశాను."

ముఖం కూడా చూశానని ఉంటే, నన్ను ఓదార్చడానికి అంటున్నాడనుకునేదాన్ని. నేసి అమ్మ మాటతో పాటు దాన్నీ పక్కన పడేసేదాన్ని. చూడలేదన్నాడు. అందుకే నాకు ఆ నవ్వు మీదా, ఆ చెయ్యి మీదా వీసమంత అనుమానం మిగల్లేదు. నా కొడుకు పోయాడు. నా కొడుకు చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

నేను లేచి వాకిట్లోకి వెళ్ళి గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టాను. అందరికన్నా ముందు చియుమియా ఇంటి ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి నన్ను పొదివి పట్టుకున్నారు. వెనకే చియుమియా వచ్చి, యోతామును ఒక్కసారి చూసి, ఏమీ అడగకుండా తనూ ఇసుకలో కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు రేవులోంచి ఒక్క దోనె కూడా కదల్లేదు. కదలొద్దని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.