అరంగుళం

మా ఆయన డోయల్, చర్చి సమాధుల తోటలో ముప్పై ఒక్క ఏళ్లు గడ్డి కోశాడు. ఆ తోటలో మా ఇద్దరి రాయి కూడా ఎప్పుడో నిలబెట్టేశాం. పేర్లు, పుట్టిన సంవత్సరాలు చెక్కించాం, పోయే సంవత్సరం ఖాళీ. "నా సమాధి మీద గడ్డి నేనే కోసుకుంటున్నా, ఎవడికుంది ఈ భాగ్యం" అని దాని చుట్టూ గడ్డి కోసే బండి నడుపుతూ నవ్వేవాడు.

ఈ వసంతంలో గడ్డి మెట్లు మెట్లుగా తెగడం మొదలైంది. ప్రతి వరుసలోనూ ఎడమ పక్క నున్నగా గొరిగినట్టు, కుడి పక్క గుబురుగా. తోట కమిటీ పెద్ద మెర్ల్ స్టకీ మా వరండాలోకి వచ్చి, నేను పెట్టిన యాపిల్ పై తింటూనే చెప్పాడు.

"డోయల్, మెమోరియల్ డేకి ఊరంతా తమ వాళ్ల సమాధులకి పూలు పట్టుకొస్తుంది. మా అమ్మ సమాధి చూస్తే మంగలి తాగొచ్చి గొరిగినట్టుంది. ఈ శనివారం కూడా ఇలాగే ఉంటే పని టౌన్ వాళ్లకిచ్చేస్తాం. తర్వాత నన్ననొద్దు."

"శనివారం వచ్చి చూసుకో," అన్నాడు డోయల్.

ఆడలేక మద్దెల ఓడనే రకం కాదు ఆయన. తప్పు తను బ్లేడ్లు బిగించిన తీరులోనే ఉందనుకున్నాడు. చర్చి బండిని మా షెడ్డులో చదునైన గచ్చు మీద నిలిపాడు. నాలుగు టైర్లలో గాలి చూశాడు, ఇంజన్ అంటుకోకుండా ప్లగ్గు వైరు పీకాడు, నా చేతికి తొడుగు వేయించి బ్లేడ్లను అడ్డంగా తిప్పించాడు. తుంటి ఎముక మార్పించుకున్నాక వంగలేడు కాబట్టి నేల మీద పడుకుని టేపు పట్టేది నేనే.

"ఎడమ?"

"మూడుంపావు అంగుళాలు."

"కుడి?"

"అదీ మూడుంపావే."

మూడుసార్లు కొలిపించాడు. మూడుసార్లూ అంతే. బండి సమంగానే ఉంది. సమంగా లేనిది ఆయన. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి ఎడమకి ఒరిగి కూర్చుంటున్నాడు. ఆయన సీటెక్కగానే ఎడమ టైరు అణిగి, కింద బ్లేడ్లు కూడా ఆ పక్కకి దిగుతున్నాయి. వెనక నడుస్తూ నేను కళ్లారా చూశాను.

"పోనీ నువ్వు సీటు మీద కూర్చో, అప్పుడు కొలుస్తా," అన్నాను.

"దేనికి? కొలవాల్సింది బ్లేడుని, నన్ను కాదు. నేను నిటారుగానే ఉన్నా."

అప్పుడే చెప్పాల్సింది. నోరు రాలేదు. చేతికర్రా, మందు డబ్బాలూ వచ్చాక ఆయనకి మిగిలింది ఆ నిటారు ఒక్కటే. అందుకే శుక్రవారం మధ్యాహ్నం ఆయన నిద్రపోతుంటే ఎడమ పక్క నట్టు తిప్పి, ఆ వైపు బ్లేడుని అరంగుళం పైకి లేపాను.

శనివారం నాలుగు వరుసలు కోశాడు. జంపఖానా పరిచినట్టు వచ్చింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి. కమిటీ వాళ్లంతా చూస్తున్నారు. మెర్ల్‌కి ఉత్సాహం ఆగలేదు.

"దిగరా ముసలోడా, ఒక వరుస నేనూ కోస్తా."

మెర్ల్ గుంజలా నిటారుగా కూర్చున్నాడు. వరుస చివరికొచ్చేసరికి కుడి పక్క గొరిగేసింది, ఎడమ పక్క మెట్టులా నిలిచింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. మెర్ల్ బండిని చర్చి ముందున్న గచ్చు మీదకి తెచ్చి, డోయల్ జేబులోంచి టేపు తీసుకుని తనే కింద పడుకున్నాడు.

"కుడి మూడుంపావు. ఎడమ మూడూ ముప్పావు. నట్టు సరిగ్గా బిగించలేదు నువ్వు. ఇవాళ ఇది జారింది, రేపు బ్లేడే ఊడి ఎవరి కాలికో తగిలితే?"

డోయల్ నా వైపు తిరిగాడు. "లవోన్, మనం కొలిచాం కదా? తర్వాత నువ్వేమైనా ముట్టుకున్నావా?"

అవునంటే ఎందుకని అడుగుతాడు. ఇంతమంది ముందు నువ్వు వంకరగా కూర్చుంటున్నావని చెప్పాలి. "నేనెందుకు ముట్టుకుంటా," అన్నాను.

ఆయన కాసేపు తన చేతుల్నే చూసుకున్నాడు. "అయితే బిగించడం మర్చిపోయుంటా," అని బండి తాళంచెవి మెర్ల్ చేతిలో పెట్టేశాడు. నా నోటికి తాళం పడిందేమో, అప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చాకా చెప్పలేదు.

ఇప్పుడు టౌన్ వాళ్లు కోస్తున్నారు. మా రాయి చుట్టూ కూడా సమంగానే ఉంటోంది. మొన్న డోయల్ గోడకి గడియారం తగిలించి, వెనక్కి జరిగి నన్ను పిలిచాడు.

"సమంగా ఉందా?"

"ఉంది."

"సరిగ్గా చూసి చెప్పవే. నా చేతుల్ని నేను నమ్మట్లేదు. నిన్నొక్కదాన్నే నమ్ముతున్నా."