తేట నీళ్ళు

శాంతకుమారి మేడ మీదికి వెళ్ళేసరికి టబ్బు బోర్లించి ఉంది.

కలమల్ల కరెంటు ఫ్యాక్టరీ గొట్టం వదిలే పొగలో కొంత పైపులతో మళ్ళించి, తొట్లలో నాచుకు పట్టించడం ఆమె ఉద్యోగం. పొగలోని బొగ్గుగాలిని తిని నాచు పెరుగుతుంది. దాన్ని ఎండబెడితే పొలానికి ఎరువు, చేపలకు మేత. ఈ ఎండలకు తొట్లన్నీ ఒకదాని వెంట ఒకటి తెల్లబారి చచ్చాయి. బతికిన ఒక్క టబ్బెడు నాచును విత్తనంగా ప్రొద్దుటూరులో తన ఇంటికి తెచ్చుకుని, పాత చీర నీడ కట్టి, పది రోజులుగా కాపాడుకుంటోంది. ఈ రోజు పదకొండింటికి పెద్దాఫీసర్లు వస్తారు. ఈ విత్తనం పోసి తొట్టి పచ్చగా కనిపిస్తే పని సాగుతుంది. లేకపోతే షెడ్డుకు తాళం.

"అత్తా! టబ్బులో నీళ్ళు యాడ?"

సరస్వతమ్మ గుడ్డలు ఆరేస్తూ నవ్వింది. "ట్యాంకరు కోసం కొట్లాడే కాలంలో అన్ని నీళ్ళు పాచి పట్టిస్తావా మే? నిన్న సాయంత్రం పటిక తిప్పినా. నాలుగింటికి లేచి చూస్తే పాచంతా అడుక్కు దిగి, నీళ్ళు అద్దం మాదిరి తేరుకోనుండాయి. వంచుకోని గుడ్డలన్నీ జాడించినా."

"అడుగుది?"

"బ్లీచింగు చల్లి పీచుతో రుద్దినా. శానా జిడ్డు. చూడు, నా చేతులెట్లయినాయో."

పెన్న బురదనీళ్ళను తేర్చి సంసారం నడిపిన చేతులవి. టబ్బు తెచ్చిన రోజే అత్త అడిగింది, ఏందమ్మా అది అని. బస్సులో నిలబడి వచ్చిన అలసటతో శాంతకుమారి చెప్పింది: "ఏం లేదత్తా, పాచి."

ఇప్పుడు శాంతకుమారి మేడ తూము దగ్గర కూర్చుని వేలితో గీకి చూసింది. బ్లీచింగు వాసన తప్ప ఏమీ అంటలేదు.

ఇంజనీరు మురళీమోహన్ ఫోను చేశాడు. ఆమె జరిగింది చెప్పింది.

"వచ్చేటప్పుడు పచ్చ రంగు తీసుకరామ్మా. వాళ్ళు ఫొటో దిగిపోతారు, అంతే."

"రంగు పొగ తినదు సార్."

"నాచు మాత్రం ఎంత తిన్నిందమ్మా? ఆ గొట్టం ఒక పూట వదిలేదాన్ని నాలుగేండ్లు తిన్నా అరిగించుకోల్యా."

ఆ లెక్క ఆమెకు తెలియనిది కాదు. ప్రతి రిపోర్టులో ఆఖరి పేజీలో ఆమే రాసేది.

బస్టాండుకు పోయే దారిలో, చీరలకు అద్దకం రంగులమ్మే జహీర్ అప్పుడే షట్టరెత్తుతున్నాడు.

"ఏం అద్దల్ల మేడం? చీరా, పంచా?"

"తొట్టి."

"తొట్టికి రంగేంది మేడం! పొద్దున్నే పరాచికాలా?" అంటూనే ఆకుపచ్చ పొట్లం ఒకటి తీశాడు.

శాంతకుమారి దాన్ని వెలుగుకు పట్టి చూసింది. నాచు అంత ముదురుగా లేదు.

"ఇంకొకటి గూడా కట్టు జహీరూ. లేతగా ఉంటే నమ్మరు."