గట్టి సూది

మా తమ్ముడు అంబరీష్ ఫుట్‌బాల్‌లో చేసే పనేమిటో మా నాయన ఓబలప్పకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. "గోలు కొట్టేది వీడు కాదంట, ఆపేది వీడు కాదంట. మరి నడిమధ్యలో వీనికేం పని? దానికి జీతం కూడా ఇస్తారా?" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనూ అడిగేవాడు. చివరకు కేజీఎఫ్‌లో ఉండే మా మేనమామ నరసింహప్ప విసుక్కుని, "బావా, నువ్వు చేన్లో మడవ తిప్పుతావు గదా? ఏ సాలుకు నీళ్ళు పోవల్ల, యాడ కట్టెయ్యల్ల, అది చూసుకునేది నువ్వే గదా? మీవాడు చేసేదీ అదే" అన్నాడు. ఆ రోజునుంచి మా నాయనకు పట్టపగ్గాలు లేకుండా పోయాయి. మా ఊరు సుగటూరంతా తిరిగి, "మావోడు బెంగళూరు టీములో మడవ తిప్పేవాడప్పా" అని చెప్పుకున్నాడు. విన్నవాళ్ళు సగం మంది అంబికి అక్కడ తోటపని దొరికిందనుకున్నారు.

హైస్కూలు చదువుకని అంబిని మామ ఇంటికి పంపితే వాడు చదివింది తక్కువ, ఆడింది ఎక్కువ. గని కార్మికులకు వరసగా కట్టిన లైన్ ఇళ్ళలో మామ వాళ్ళది ఒకటి, దాని వెనకే మైదానం. బంగారు గనులు మూసేసి ఇన్నేళ్ళయినా అక్కడివాళ్ళకు ఈ ఆట పిచ్చి వదల్లేదు. ఆ పిచ్చి మావాడికీ అంటుకుంది. పంతొమ్మిదో ఏట బెంగళూరులో ఒక క్లబ్బువాళ్ళు వాణ్ని జీతానికి తీసుకున్నారు. తీసుకున్నారన్న మాటేగాని మొదటి ఏడంతా బెంచీ మీదే. "కూర్చునేదానికి అంత దూరం పోవల్లనా? మన ఇంటి ముందర అరుగు లేదా?" అని మా నాయన ఎగతాళి. అంబి నవ్వి ఊరుకునేవాడు. వాడికి కోపం రాదు. వాడికి రావలసింది కూడా నాకే వచ్చిందని మా అమ్మ తాయమ్మ అంటుంది, నిజమే కాబోలు.

అలాంటిది, ఎప్పుడూ ఆడే అబ్బాయి మడమ బెణికింది. రాబోయే ఆదివారం మొదటి విజిల్ నుంచీ నువ్వే ఆడాలని కోచ్ అంబితో చెప్పాడు. బాగా ఆడితే ఒప్పందం ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారు. లేకపోతే సీజన్ చివర్లో మూట సర్దుకోవడమే. ఆ సంగతి చెప్పడానికి, మధ్యలో దొరికిన రెండు రోజుల సెలవుకు, వాడు ఇంటికొచ్చాడు.

వచ్చిన వేళ చూడండి! మా రేష్మ పురుగులు, అదే పట్టు పురుగులు, ఆఖరి దశలో ఉన్నాయి. ఎంత మల్బరీ ఆకు వేసినా చాలదు. పైగా వాన. తడి ఆకు తింటే పురుగులకు రోగం వస్తుంది కాబట్టి కోసిన ప్రతి కొమ్మనూ దులిపి, ఆరబెట్టి వేయాలి. నువ్వు ముట్టుకోవద్దురా అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. వాడు వింటేనా! ఆ వానలోనే తోటలోకి పోయి మోపులు మోశాడు. మర్నాడు పొద్దున్నకు ఒళ్ళు పెనంలా కాలిపోతూ ఉంది.

"శశి సారుకు ఫోన్ చేస్తా" అన్నాడు అంబి, దుప్పట్లోంచి. శశి వాళ్ళ క్లబ్బు ఫిజియో, ఆటగాళ్ళ ఒంటి బాగోగులు చూసేవాడు. "ఆయప్పను అడగకుండా ఏ మందూ తీసుకోకూడదు, నాయనా."

"ఫోన్ చేసి ఏమని చెప్తావు? జ్వరమొచ్చిందనా? చెప్పినావంటే ఆదివారం నీ జాగాలో ఇంగొకడు నిలబడతాడు. ఒక్క సూది ఏయించుకుంటే పోయేదానికి!"

మా దగ్గర జ్వరమంటే సూదే. మాత్ర ఇచ్చి పంపే డాక్టరుకు ఏమీ రాదని అర్థం. పురుగులు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా పడుకుంటాయి, దాన్నీ జ్వరమనే అంటాం. అప్పుడు మా నాయన పురుగులింట్లోకి ఎవరినీ రానివ్వడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పురుగులకు జ్వరమొస్తే ముట్టద్దు, వాటంతట అవే లేస్తాయంటావే! వాణ్ని కూడా రెండు దినాలు పండుకోనీ."

"పురుగులకు ఆదివారం మ్యాచి లేదు గదమ్మా" అన్నాడు నాయన.

అంబిని బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని, వెనక నేను పట్టుకుని, రోడ్లు కలిసే క్రాసులో హనుమప్ప దగ్గరికి తీసుకుపోయాం. హనుమప్పను చుట్టుపక్కల అందరూ డాక్టరనే అంటారు. ఆయన ఎక్కడ చదివాడో ఎవరూ అడగలేదు. "ఏం సూది అన్నా ఇది?" అని అంబి అడిగాడు. "జ్వరం సూదేలేప్పా" అన్నాడాయన. మా నాయన ఊరుకోవచ్చు కదా! "ఆదివారం లోపల లేచి పరిగెత్తల్ల. గట్టిది ఎయ్యి" అన్నాడు. హనుమప్ప తలూపి, రెండో సీసా కూడా తీశాడు. అంబి కళ్ళు మూసుకున్నాడు.

నిజం చెప్పాలంటే ఆ సూది పనిచేసింది. సాయంత్రానికి వాడు లేచి రాగిముద్ద తిన్నాడు. మర్నాడు బంగారుపేటలో రైలెక్కాడు.

ఆదివారం మేమంతా పురుగులింటి ముందు కూర్చుని ఫోన్లో మ్యాచ్ చూశాం. అబ్బబ్బ, ఏం ఆడాడు! బంతి వాడి కాలికి తగలడం, ఎటో ఖాళీగా ఉన్నవాడి ముందుకు పోవడం. మా నాయన మోకాళ్ళ మీద లేచి, "అదో, తిప్పినాడు చూడు! ఇంగ ఈ పక్క! ఈ పక్క తిప్పరా!" అని అరుస్తుంటే పక్కింటి సొన్నమ్మ కూడా వచ్చి కూర్చుంది. టీము గెలిచింది. రెండు గోల్సూ వేరేవాళ్ళవి, రెండింటికీ బంతి అందించింది మావాడు. మ్యాచ్ అయ్యాక, నిషేధించిన మందులేమైనా వాడారేమో చూసే పరీక్షకని ఇద్దరిని పిలిచారట, అందులో అంబి ఒకడు. సీసాలో మూత్రం పోసి ఇవ్వడమేనని వాడు ఫోన్లో చెబితే మేం నవ్వుకున్నాం.

రెండు వారాలకు, పురుగులు గూళ్ళు కట్టి, మేం గూళ్ళు ఏరుతుండగా ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక నాయన స్పీకర్ పెట్టాడు.

"ఓబలప్పగారా? నేను శశిని, అంబరీష్ క్లబ్బు నుంచి. మా మేనేజర్ కూడా లైన్లో ఉన్నారు. సెలవులో ఇంటికి వచ్చినప్పుడు అంబరీష్‌కు జ్వరం వచ్చిందా? ఎవరైనా సూది వేశారా?"

మా నాయన నాకేసి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. గూళ్ళ మార్కెట్టులో కొనేవాడు వచ్చి, "ఈ పంటకు రోగం తగిలిందా?" అంటే ఏ రైతైనా చూసే చూపు అది. అక్కడ ఎవడూ అవునని చెప్పడు. చెబితే సరుకు అంతటితో పోయినట్టే.

"జ్వరమా? ఛీ ఛీ! మావోనికి జలుబు కూడా రాదు సార్. బండరాయి మాదిరి ఉంటాడు. సూదీ లేదు, గీదీ లేదు."

"నాయనా!" అని నేను అరిచేలోపల ఆయన చెయ్యెత్తి నన్ను ఆపాడు. "బాగా ఆలోచించి చెప్పండి" అన్నాడు శశి. "ఆలోచించేదేముంది సార్, తండ్రిని నాకు తెలీదా?" అన్నాడు నాయన. ఫోన్ పెట్టేసి, "నా కొడుకు రోగిష్టోడా అని అడగతారు! నేను అంత ఎడ్డోడినా?" అని మీసం తుడుచుకున్నాడు. కొడుకును గండం గట్టెక్కించాననుకున్నాడు, పిచ్చి మనిషి.

వెంటనే అంబి ఫోన్. "అక్కా, శశి సార్ చేస్తాడు, ఉన్నదున్నట్టు చెప్పమను నాయనకు. నా పరీక్షలో స్టెరాయిడ్ తగిలింది. ఆ సూదిలోదే. ఇంట్లో సూది ఏసినారని నేను ముందే చెప్పేసినా." నేను నాయనకేసి తిరిగాను. "అక్కా, ఉండావా?" అని వాడు అడుగుతూనే ఉన్నాడు.

ఇక చూడండి మా తిరుగుడు. హనుమప్ప దగ్గరికి పోయి, ఏం సూది వేశావో క్లబ్బువాళ్ళకు ఒక్క మాట చెప్పమన్నాం. "దినానికి ఎంతమందికో ఏస్తా, నాకేం జ్ఞాపకం?" అన్నాడు. మా నాయన ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. జుట్టు నెరిసిన మనిషి, అందరూ చూస్తుండగా! హనుమప్ప కాళ్ళు వెనక్కి లాక్కుని, "నేను నోరు తెరిస్తే నన్ను జైల్లో ఏస్తారు ఓబలప్పా. నాకూ పిల్లలుండారు" అని ఏడుపు ముఖం పెట్టాడు. నేను ఊరుకోలేదు, పోలీసులకు చెబుతానన్నాను. సాయంత్రానికి సొన్నమ్మ మా గుమ్మంలో ఉంది. "ఆయప్పను పట్టిస్తే నడి రేయి మా పిల్లోల్లకు ఏమన్నా అయితే ఎవురు చూస్తారే? నువ్వు చూస్తావా?" అంది. ఆమె మనవణ్ని బతికించింది హనుమప్పే. పోలీసుల మాట అక్కడితో మానుకున్నాను.

విచారణ వీడియోలో జరిగింది. సిగ్నల్ బాగుంటుందని కేజీఎఫ్‌లో మామ ఇంటికి పోయాం. మా నాయన పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా వేసుకున్నాడు. అంబి పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. తెరమీద ముగ్గురు పెద్దమనుషులు, తెలుగు తెలిసిన ఒక అమ్మాయి. "అబ్బాయి సూది వేశారంటున్నాడు. క్లబ్బు అడిగితే మీరు లేదన్నారు. ఇప్పుడు ఉందంటున్నారు. ఏది నిజం?" అని అడిగించారు.

"రెండూ నేను చెప్పినవే సామీ" అన్నాడు నాయన. "అప్పుడు చెప్పింది అబద్ధం. వాణ్ని తీసేస్తారని భయపడి చెప్పినా. ఇది నిజం."

"ఆ డాక్టరు ఎక్కడ?"

"రాడు సామీ."

"మరి మేమెలా నమ్మాలి?"

మా నాయన ఆ తెరకు దండం పెట్టాడు. "గట్టిది ఎయ్యమనింది నేను. శిక్ష నాకెయ్యండి. నేను ఇంగ జన్మలో మ్యాచి చూడను" అన్నాడు. ఆ అమ్మాయి దాన్ని వాళ్ళకు చిన్నగా చెప్పింది. వాళ్ళు కాగితాల్లోకి చూసుకున్నారు. మామ లేచి బయటికి పోయాడు.

రెండేళ్ళు నిషేధమన్నారు. క్లబ్బు ఒప్పందం తెంచేసింది. శశి మాత్రం ఫోన్ చేసి, "వాడు మోసం చేసేవాడు కాదని నాకు తెలుసమ్మా, కానీ నా చేతిలో ఏమీ లేదు" అన్నాడు. అందరి చేతుల్లోనూ ఏమీ లేదు. నాకు ఎవరిని తిట్టాలో తెలియక బిందెలు విసిరేశాను. అంబి క్లబ్బు మైదానంలో అడుగు పెట్టకూడదు, చిన్న టోర్నమెంటు కూడా ఆడకూడదు. కేజీఎఫ్ కుర్రాళ్ళు పిలిస్తే పోయి, గీత బయట నిలబడి, వాళ్ళ మ్యాచ్ చూసి వచ్చాడు. అన్నం తినమంటే ఆకలి లేదన్నాడు. మా నాయనను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది, ఆ మనిషి కొంచెం తేలికపడేవాడు.

తర్వాతి పంటకు మళ్ళీ వానలు. ఈసారి జ్వరం మా నాయనకు. మూడు పూటలు మిరియాల కషాయంతో లాగాడు. "సూది వద్దు, సస్తే సస్తా" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాట తడబడడం మొదలయ్యాక అంబి ఆయన్ను ఎత్తి బండి మీద కూర్చోబెట్టాడు. వెనక నేను. మళ్ళీ అదే క్రాసు, అదే బెంచీ. హనుమప్ప మావాడి ముఖం చూడలేక సీసాలు వెతుకుతున్నట్టు అటు తిరిగాడు.

"వద్దురా అంబీ. నాకు ఆ సూది వద్దు" అని నాయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఏడుస్తున్నాడు.

అంబి ఆ చెయ్యి పట్టుకుని, చొక్కా చేతిని మెల్లగా పైకి మడిచాడు.

"ఏయించుకో నాయనా. ఇంగ మన ఇంట్లో ఎవురికీ ఆదివారం మ్యాచి లేదు గదా."

హనుమప్ప సూది గుచ్చాడు. అయిపోయేదాకా అంబి ఆ చెయ్యి వదల్లేదు.