తిరిగిరాని కార్డు

సాయంత్రం ఆరు కావస్తుంటే చెవి మేస్త్రీ కిటికీ రెక్క ఒకటి వారగా తీసి, గట్టు మీద ఖాళీ చెప్పుల పెట్టె పెట్టేవాడు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లున్న ప్రతి ఇంట్లోనూ ఆ వేళకు అదే పని. పేరూ పనీ అచ్చువేయించి పొద్దున ఎవరికైనా ఇచ్చిన కార్డును వాళ్లు పారేస్తే, పొద్దుగూకేలోగా అది ఇల్లు చేరుకుంటుంది. దాచుకుంటే రాదు. మేతకెళ్లిన దూడల్లా కార్డులు ఒకదాని వెనక ఒకటి గోడవారగా ఎగురుకుంటూ వచ్చి పెట్టెలో పడేవి. వానరోజైతే తడిసి, కాస్త ఆలస్యంగా వచ్చేవి.

“ఇవాళ మీవి ఎన్నొచ్చాయి అన్నయ్యా?” అని ఎదురింటావిడ బట్టలు తీసుకుంటూ అడిగేది, కూరగాయల ధర అడిగినట్టు.

“అన్నీ వచ్చాయమ్మా,” అనేవాడు.

ఇరవై రెండేళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. లిఫ్టెక్కి, కళ్లు మూసుకుని, ఒక్కసారి పైకీ కిందికీ తిరిగితే చాలు, చప్పుడు విని ఎక్కడ ఏది అరిగిందో చెప్పేసేవాడు. ఆ పేరు అలా వచ్చింది. పనిచేసే కంపెనీ మూతపడి ఐదు నెలలైంది. అంతకంటే పెద్ద గండం లైసెన్సు. పనిలో పెట్టుకున్నవాళ్లెవరైనా నెలాఖరులోగా సంతకం చేస్తేనే అది నిలుస్తుంది. లేదంటే మళ్లీ పరీక్షలు, మళ్లీ రెండేళ్లు ఇంకొకరి వెనక నిలబడి స్పానర్లు అందించడం. వయసు నలభై ఏడు. నెలాఖరుకు పన్నెండు రోజులుంది.

భార్య చెల్లెలు కంప్యూటర్ల దగ్గర పనిచేస్తుంది. బావగారి కోసం ఆమే నెట్‌లో ఒక పేజీ తెరిచింది. కొంచెం నవ్వమంటే నవ్వాడు గానీ, ఫొటోలో పన్ను నొప్పి దాచుకుంటున్నవాడిలా పడ్డాడు. పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు అందులో ఏం రాసినా కింద “అభినందనలు” అని పెట్టమంది, అలా పెడితేనే కంట్లో పడతావంది. శ్రద్ధగల మనిషి కనుక రోజుకు అరవై మందికి పెట్టేవాడు. పంపిన ఉత్తరాలు చదివినట్టు గుర్తులు పడేవి. జవాబులు మాత్రం వచ్చేవి కావు. నిమిషానికోసారి ఫోను తీసి చూసుకుంటుంటే, కుట్టుమిషను తొక్కుతున్న భార్య ఊరుకోలేకపోయింది.

“మాటిమాటికీ మూత తీసి చూస్తే ఏదీ ఉడకదండీ.”

అంతలో ఊరి మధ్య ఏడంతస్తుల భవనంలో, ఉద్యోగాలిచ్చేవాళ్లూ అడిగేవాళ్లూ కలుసుకునే సభ ఒకటి పెట్టారు. దానికోసం ఇంట్లోవాళ్లు ఆయనకు కొత్తగా నలభై కార్డులు అచ్చువేయించారు. మరదలు ముందురోజే పాఠం చెప్పింది: “మెడలో పేరు బిళ్ల చూడు బావా. కింద మేనేజరనో డైరెక్టరనో ఉంటేనే కార్డు తియ్యి. పప్పుబెల్లాల్లా పంచకు. ఎవరికిచ్చావో పుస్తకంలో రాసుకో.”

అలాగే చేశాడు. మొహాలు చూడలేదు, బిళ్లలు చూశాడు. బట్టీపట్టిన నాలుగు ముక్కలూ నాలుక మీదికొచ్చి ఆగిపోయేవి. అరచేతుల చెమటకు కార్డుల అంచులు మెత్తబడ్డాయి. మధ్యాహ్నానికి జేబు ఖాళీ అయింది.

సాయంత్రం పెట్టెలో ముప్పై తొమ్మిది పడ్డాయి. ఒకదాని మీద టీ కప్పు గుండ్రం. ఒకదాని మూల పంటి గాట్లు. ఒకటి ఊగే బల్ల కాలి కింద నలిగి మడతపడి వచ్చింది. నలభయ్యోది రాలేదు. మర్నాడూ రాలేదు.

“దారి తప్పిందేమో,” అన్నాడు.

“ఇంతవరకూ ఏ ఇంటి కార్డు దారి తప్పింది?” అంది భార్య.

అంటే ఎవరో ఉంచుకున్నారు. ఎవరు? ఆశ లేనప్పుడు ఎలాగో గడిచిన రోజులు, ఆశ పుట్టాక గడవలేదు. పుస్తకంలో ఉన్నవాళ్లందరికీ, నా కార్డు మీ దగ్గర ఉందా అని రాశాడు. ఒక్కరే జవాబిచ్చారు, ఏ కార్డు అని. ఆ జవాబునే మూడుసార్లు చదువుకున్నాడు. అలా తొమ్మిది రోజులు పోయాయి.

పదో రోజు పొద్దున భార్య మిషను ఆపి, పుస్తకం అడిగి తీసుకుని, పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ లెక్కపెట్టింది.

“ఇందులో ముప్పై తొమ్మిది పేర్లే ఉన్నాయి. బిళ్ల లేనివాళ్లకి ఎవరికైనా ఇచ్చారా?”

“లేదే.”

“మరి నలభయ్యోది కాళ్లొచ్చి నడిచిపోయిందా?”

ఆయన కళ్లు మూసుకున్నాడు. లిఫ్టు గుర్తొచ్చింది. సభ రోజు పైకి వెళ్తుంటే మూడో అంతస్తు దగ్గర తలుపు కీచుమంది. ప్రాణం ఊరుకోలేదు. స్టూలు మీద కూర్చుని లిఫ్టు నడిపే తాతని పెన్ను అడిగి, జేబులో చేతికందిన కార్డు వెనక “మూడో అంతస్తు తలుపు రోలరు అరిగింది, వారంలోగా మార్చండి” అని రాసిచ్చాడు. కార్డు ఇచ్చినట్టు ఆయనకు తోచనే లేదు. అది చీటీ.

చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే బయల్దేరాడు.

లిఫ్టు తాత గుర్తుపట్టి స్టూలు మీంచి లేచాడు. “వచ్చావా నాయనా. మా ఇంజనీరమ్మ నీ కోసం వారం నుంచి నన్ను తినేస్తోంది.”

పైకి తీసుకెళ్తుంటే, మూడో అంతస్తు దగ్గర తలుపు ఈసారి చప్పుడు లేకుండా తెరుచుకుంది. ఆ భవనంలో ఒక పద్ధతుంది. లిఫ్టులో కనిపెట్టిన ప్రతి లోపాన్నీ రాసి మిషను గది తలుపుకు అంటించాలి. ఏడాది తనిఖీ అయ్యేదాకా పీకకూడదు. తాత చీటీని పద్ధతిగానే అంటించాడు, రాత పైకీ, పేరు తలుపుకీ పెట్టి.

“బంక దిట్టంగానే పట్టించాను, ఊడిపోకూడదని,” అన్నాడు, మెచ్చుకుంటారేమోనన్నట్టు.

మిషను గదిలో ఉన్న ఇంజనీరమ్మ నూనె చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. రోలరు విప్పి చూస్తే సగానికి సగం అరిగిపోయి ఉందట. రాసిందెవరని అడిగితే, కళ్లు మూసుకుని నిలబడ్డాయన అన్నాడట తాత.

“అలాంటి మనిషి ఎవరికైనా తెలుసా అని నెట్‌లో కూడా పెట్టాను,” అంటూ ఫోను తిప్పి చూపించింది.

ఆ ప్రశ్న కింద ఒకే ఒక్క జవాబుంది. పక్కన పన్ను నొప్పి దాచుకుంటున్న మొహం. “అభినందనలు.”

మేస్త్రీ తల దించుకున్నాడు. ఇంజనీరమ్మ కాసేపు నవ్వాపుకుంది.

“నేను పదకొండు భవనాల లిఫ్టులు చూసుకుంటాను. ఇవాళ నాతో తిరిగి అన్నీ వినండి. మీ లైసెన్సు కాగితం తెచ్చారా?”

ఐదు నెలలుగా అది ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఆమె దాన్ని లిఫ్టు తలుపుకే ఆనించి సంతకం చేసింది.

ఆ సాయంత్రం ఆరింటికి భార్య అలవాటుగా కిటికీ రెక్క తీసింది. వీధిలో మిగతా ఇళ్ల కార్డులు బారులుగా వచ్చి చేరుకుంటున్నాయి. ఈ పెట్టెలో ఏమీ పడలేదు.

“ఇవాళ మీవి ఎన్నొచ్చాయి వదినా?” అంది ఎదురింటావిడ.

“కార్డూ రాలేదు, మనిషీ రాలేదు. ఇద్దర్నీ ఉంచుకున్నట్టున్నారు,” అని, పెట్టె లోపలికి తీసుకుని కిటికీ మూసింది.