లోపల మనిషి ఉంది

నేను ఒక ఇంక్యుబేటర్‌ని. నెలలు నిండకుండా ఊడిపడ్డ పిల్లల్ని వెచ్చగా దాచే అద్దాల పెట్టెని. నాతోపాటు తయారైనవి కార్పొరేట్ ఆసుపత్రులకి పోయాయి. నన్ను మిలటరీ ఆసుపత్రికి పంపారు. దసరాకి ఇక్కడ తుపాకులకి బొట్టుపెట్టి పూజ చేస్తారు. ప్రాణం తీసేదానికి పూలదండ, ప్రాణం నిలిపేదానికి తడిగుడ్డ. సరే, మీ న్యాయం మీది.

నా దగ్గర డ్యూటీ కెప్టెన్ ఎస్తేరుది. చీరాల మనిషి. భుజాన మూడు నక్షత్రాలున్న నర్సు. నా కిటికీల్లోంచి ఆమె చేతులు లోపలికొస్తే చాలు, ఎంత ఏడ్చే పిల్లయినా ఊరుకునేది.

ఆ చలికాలం నాలో ఒక ఆడపిల్ల ఉండేది. పట్టుమని కిలో లేదు. తండ్రి మంచుకొండల మీద కాపలా. తల్లి పారమ్మ, టెక్కలి మనిషి, గుమ్మం దగ్గరే కూర్చునేది. పిల్లకి ఆక్సిజన్ వచ్చేది నా వెనక గోడకున్న గొట్టంలోంచి.

ఇంతలో జనరల్ తనిఖీకి వస్తున్నాడన్నారు. పట్టాళంలో పెద్దాయన వస్తున్నాడంటే చెట్ల మొదళ్ల నుంచి చెత్తడబ్బాల దాకా రంగు పడాల్సిందే. ఆసుపత్రంతా పూసేసి, సుబేదార్ తవిటయ్య ఇద్దరు జవాన్లతో, బకెట్లతో మా గదికి దిగాడు.

"మేడమ్, ఈ పెట్టిని కాసేపు వరండాలోకి తోసేద్దుమా? ఈ గదొక్కటే మిగిలిపోనాది."

"పిల్ల ఊపిరి ఆ గోడకే ఉందయ్యా. బయట చలి, లోపల రంగు కంపు. నాకే దగ్గొస్తోంది, దానికేమవుద్ది?"

"మన ఆసుపత్రి పెద్ద, కర్నల్ సారు ఆర్డరు. నాదేటుంది మేడమ్?"

పారమ్మ లేచింది. "గోడ కోసం నా గుంటని సంపేస్తారేటి బాబూ?"

ఎస్తేరు నాకూ గోడకూ మధ్య స్టూలు లాక్కుని కూర్చుంది. "తవిటయ్యగారూ, సరిహద్దులో నిలబడ్డ దీని నాయన్ని, రంగెయ్యాలి కాస్త పక్కకి జరగమంటారా? ఇది నా పోస్టు. నేను జరగను. కావాలంటే నాకూ ఓ పూత పూసి పొండి."

జవాన్లకి నవ్వొచ్చి, సుబేదార్‌ని చూసి మింగేశారు. తవిటయ్య బకెట్టు ఎత్తాడు. "నా పింఛను మీ సేతిలో ఎట్టినాను తల్లీ" అని గొణుక్కుంటూ పోయాడు.

తెల్లారి జనరల్ వచ్చాడు. ఆసుపత్రంతా పెళ్లికూతురిలా మెరుస్తుంటే మా గోడ పెచ్చులూడి నిలబడింది. కర్నల్ మొహం ఆ గోడకంటే పాలిపోయింది.

"ఇదేమిటి?" అన్నాడు జనరల్.

"లోపల మనిషి ఉంది సార్" అంది ఎస్తేరు.

ఆయన వంగి నాలోకి చూశాడు. పిల్ల నింపాదిగా ఆవులించింది. అంత పెద్దాయన మొహాన ఆవులించే దమ్ము ఏ సిపాయికుంది? ఆయన టోపీ సర్దుకుని, పక్క గదికి వెళ్లిపోయాడు.

కర్నల్ మర్చిపోలేదు. ఎస్తేరుని ఎక్కడికో బదిలీ చేయించాడు. చేయించుకోనీ. ఆమె బయల్దేరేలోపే పిల్ల తల్లి రొమ్ము పట్టింది. పారమ్మ ఇంటికి పోతూ నా మూత మీద ఇంత కుంకుమ పెట్టింది. ఏ తుపాకీకీ అలాంటి బొట్టు దక్కలేదు.

ఇప్పుడు స్టోరు వెనక తుక్కులో ఉన్నాను. పనికిరాదని తేల్చిన ఆఫీసర్లు నా అద్దం మీద ఎర్రరంగుతో అడ్డగీత కొట్టిస్తున్నారు.

కొట్టుకోండి. ఇప్పుడు లోపల ఎవరూ లేరు.