కట్ చెప్పాక

బావను కెమెరామన్‌గా పెట్టుకోవడం నా బుద్ధితక్కువ. అక్క మొహం చూసి పెట్టుకున్నాను. ఇప్పుడు ఎడిటింగ్ గదిలో తెర ముందు తల పట్టుకుని కూర్చున్నాను.

నా సినిమాకి ప్రాణమంతా ఒక్క సీను. కూతుర్ని కాదన్న తండ్రి తనను క్షమించమని ఆమెను అడుగుతాడు. రెండు పేజీల డైలాగు. నాలుగేళ్ల కిందట నేను ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చినప్పుడు మా నాన్న నలుగురిలో "నాకు ఒక్కతే కూతురు, పెద్దది" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ మింగుడుపడలేదు. ఆయన నోట వినాలనుకున్నవన్నీ ఆ రెండు పేజీల్లో రాసుకున్నాను. ప్రివ్యూకి వస్తానన్నాడు కూడా. కూర్చుని వింటాడు కదా అని నా ఆశ.

తీరా చూస్తే ఆ రెండు పేజీల్లో ఒక్క ముక్క కూడా రికార్డు కాలేదు.

"అద్దంలో కెమెరా ఎర్ర లైటు పడుతోందని నల్ల టేపు అంటించాను కదా," బావ నసిగాడు. "ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బటను. రిహార్సల్లో నొక్కి, ఆపడం మర్చిపోయినట్టున్నా. ఇంక నువ్వు యాక్షన్ అన్నప్పుడల్లా ఆగింది, కట్ అన్నప్పుడల్లా తిరిగింది."

"రోజంతానా బావా?"

"లైటు కనబడితేగా!"

ఒళ్లు మండిపోయింది. మళ్లీ తీద్దామంటే, షూటింగ్ అయిన మర్నాడే ఆ సీను తీసిన ఇల్లు కూల్చేశారు. మిగిలిందల్లా నేను కట్ చెప్పాక జరిగిన భాగోతం. డైలాగు మర్చిపోయి నిలబడ్డ, తండ్రి వేషం వేసిన పెద్దాయన, ఆయన్ని ఎడాపెడా దులిపేస్తున్న నా గొంతు.

"సౌండ్ తీసేసి చూడు," అన్నాడు బావ. చేసిందంతా చేసి సలహా ఒకటి! విసురుగా తీసేశాను.

పెద్దాయన తల దించుకున్నాడు. కూతురి వేషం వేసిన అమ్మాయి దగ్గరికొచ్చి, లోపలికి మడతపడ్డ ఆయన కాలరు సరిచేసింది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఏదో చెప్పబోయి, మాట రాక నోరు మూసుకున్నాడు. బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ప్రివ్యూలో ఆ సీనుకి హాలంతా ముక్కులు ఎగబీల్చింది. "ఎలా చేయించావమ్మా!" అని ఒకటే పొగడ్తలు. బావ కాలరెగరేసుకుని తిరుగుతున్నాడు. నేను పళ్లు నూరుకుంటున్నాను. రాసింది నేను. వినాల్సిన మనిషి ఒక్క మాటా వినలేదు.

నాన్న ఇంకా సీట్లోనే ఉన్నాడు.

"ఆ ముసలాయనకి మాటలు పెట్టలేదేం?"

"రెండు పేజీలు పెట్టాను నాన్నా. అన్నీ తగలడ్డాయి."

ఆయన మళ్లీ ఖాళీ తెరవైపు తిరిగాడు. ఈయన మారడని వెనక్కి తిరిగాను. పక్క సీటాయన అడగడం వినిపించింది. "డైరెక్టరమ్మ మీకు తెలుసాండీ?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "మా చిన్నమ్మాయి."

నా రెండు పేజీల్లో ఆ ముక్క లేదు.