నీలం కుంచె

దుంగ ముఖాన్ని నీలంబావ ముందు అరచేత్తో తుడిచాడు. రంపపు పొట్టు రాలింది. తరువాత కుంచె ముంచి అంచు నుంచి నడిమి దాకా రంగు పూశాడు. పూయకపోతే గట్టి కలప ఎండకు నెర్రెలిచ్చి విచ్చుకుపోతుంది. పైగా ఏ దుంగ ఏ దేశపు ఓడకో క్రేను నడిపేవాడికి తెలిసేది ఆ రంగుతోనే. నీలం ఒక దేశానిది, ఎరుపు ఇంకో దేశానిది. నీలం పూసేది ఇతను. ఎరుపు పూసేది ఇతని చెల్లెలి మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అని పిలుచుకుంటారు కాబట్టి రేవంతటికీ ఒకడు నీలంబావ, ఇంకొకడు ఎర్రబావ.

పని దిగేముందు ఇద్దరూ కుంచెలను షెడ్డు చెక్కగోడకు పక్కపక్కనే తుడుస్తారు. పడుచుతనంలో ఓడలన్నీ నీలందేశానివే, దుంగలు మనిషెత్తువి. ఎర్రబావను పనిలేదు పొమ్మంటే, నీలంబావ తన దుంగల్లో సగం ఇచ్చి నిలబెట్టుకున్నాడు. ఆనాటి నీలం గోడమీద అరచేతి మందాన పేరుకుంది. తరువాత నీలందేశానికి పుణ్యం గుర్తొచ్చింది. అడవులు నరికిన కలప మాకొద్దంది. లోకం చప్పట్లు కొట్టింది. ఎర్రదేశం ఎగబడి కొని, ఆ కలపనే కుర్చీలూ బల్లలూ చేసి నీలందేశానికే అమ్ముతోంది. చేతికి నెత్తురంటకుండా మాంసం తినడమంటే ఇదే. గోడమీద ఎరుపు ఉబ్బింది, నీలం పెచ్చులూడింది. దుంగలు మాత్రం సన్నబడుతూనే వచ్చాయి. ఇప్పుడవి కౌగిలికి అందుతాయి.

ఆ రోజు పొద్దున్నే మేస్త్రీ నీలంబావ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నీలానికి ఇదే ఆఖరి ఓడ. రేపట్నుంచి ఒక్క కుంచె చాలు. నీ చెయ్యి వాటమైంది, ఎరుపు నువ్వు తీసుకో. మీ బావకి సాయంత్రం చెప్పేస్తా."

"వాడికి ఇల్లు గడవద్దా?"

"నీకు గడవక్కర్లేదా?"

నీలంబావది ఒంటి బతుకు. గట్టి కలప మధ్యే తల నెరిసినా, ఇంటికున్నది రేకు తలుపు. ఈ రేవు కాక అతనికి పొద్దుపోయే చోటే లేదు.

అన్నం దగ్గర సంగతి చెప్పేశాడు. ఎర్రబావ ముద్ద దించేశాడు.

"నువ్వే ఉండు బావా. అప్పుడు సగం పెట్టినవాడివి."

"నోర్మూసుకుని తిను. మా చెల్లెలి నోట్లో పడే ఓపిక నాకు లేదు."

"నువ్వు మానేస్తే నేనూ మానేస్తా. ఆ మేస్త్రీగాడే పూసుకుంటాడు, మీసాలతో!"

నీలంబావ నవ్వాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు. వీడితో మాటలు దండగ. చెయ్యి కడుక్కుని, డబ్బా పట్టుకుని, మేస్త్రీ చూస్తుండగానే ఎర్రదేశపు దుంగల దగ్గరికి నడిచాడు. ఒకదాని తరువాత ఒకటి నీలం పూసుకుంటూ పోయాడు.

"ఒరే ముసలోడా, కళ్ళు పోయాయా! అవి ఎర్రవాళ్ళవి!"

"అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి మేస్త్రీ."

"గుడ్డోడికి కుంచె ఎందుకు? పో, ఇంటికి పో!"

దూరాన దుంగమీద పాకే చీమను చూపించి పందెం గెలిచే మనిషి! ఎర్రబావ నోరు తెరవబోయాడు. నీలంబావ అతనివైపు సూటిగా చూశాడు. ఎర్రబావ తల తిప్పుకుని తన డబ్బా అందుకున్నాడు.

ఆ పైన నీలంబావ కుంచెను గోడకు ఎప్పటిలాగే తుడిచి, మేకుకు తగిలించి, తువ్వాలు దులిపి గేటు దాటాడు.

ఆ దుంగలన్నిటికీ ఎర్రబావే మళ్ళీ ఎరుపు పూశాడు. సాయంత్రం కుంచె తుడుద్దామని షెడ్డులోకి వచ్చి ఆగిపోయాడు. ఎండిన పెచ్చులమీద ఒక నీలం చార ఇంకా తడిగా మెరుస్తోంది. పక్కన మేకుకు వేలాడుతున్న కుంచె కొసన ఒక నీలం చుక్క, రాలకుండా.